నానమ్మకు ముగ్గురు

"పిల్లలెంతమందమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ముగ్గురు" అంది మీ నానమ్మ.

"ఇద్దరేనండీ" అన్నాను నేను.

ఎవరడిగినా అంతే. ఆవిడ ముగ్గురనడం, పక్కనుంచి నేను ఇద్దరని సరిచెయ్యడం, మీ అత్త పుట్టిన దగ్గర్నుంచీ జరుగుతున్నదే. వినేవాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లతోపాటు మేమూ నవ్వేసేవాళ్లం. ఆ ఎండాకాలం మాత్రం, కడుపునొప్పని తీసుకెళ్తే, ఆసుపత్రిలో ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును లైటు పెట్టెకు ఆనించింది, తీసింది, మళ్లీ ఆనించింది. పక్క గదిలోంచి పెద్ద డాక్టర్ని పిలిచింది. ఆయన చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని ఇంకోసారి చూశాడు. ఇద్దరూ చాలాసేపు గుసగుసలాడుకున్నారు. తర్వాత డాక్టరమ్మ కుర్చీ నా వైపు జరుపుకుంది.

"పెద్దాయనా, ఆవిడ చెప్పిందే నిజం."

నువ్వు అప్పటికి గోడ పట్టుకుని అడుగులేస్తున్నావు. నీకేం గుర్తుంటుంది? అందుకే నెమ్మదిగా చెబుతాను, నెమ్మదిగానే రాసుకో.

మా పెళ్లయిన కొత్తలో మీ నానమ్మ కడుపుతో ఉంది. నెలలు నిండాయి, నొప్పులొచ్చాయి. మంత్రసాని వచ్చి తలుపేసుకుంది. ఎంతసేపు చూసినా బిడ్డ రాలేదు. ఆ తర్వాత నొప్పులే ఆగిపోయాయి. కడుపు నెలల మీద మెల్లగా తగ్గిపోయింది. "బిడ్డా లేదు, గిడ్డా లేదు, అదంతా గాలి" అని మంత్రసాని చేతులు దులుపుకుంది. అందరూ గాలి కడుపన్నారు. మీ నానమ్మ ఎవరితోనూ వాదించలేదు. "బయటకి రాలేదు, అంతే" అనేది. తర్వాత మీ నాన్న పుట్టాడు, మీ అత్త పుట్టింది. ఆవిడ లెక్క మాత్రం ముగ్గురి దగ్గరే ఉండిపోయింది.

డాక్టరమ్మ చెప్పిందేమిటంటే, ఆ బిడ్డ గర్భసంచిలో కాకుండా దాని పక్కన పెరిగిందట. ప్రాణం పోయాక, బయటకొచ్చే దారిలేక, మీ నానమ్మ ఒళ్లే దాని చుట్టూ సున్నం పూసినట్టు పూసి, రాయిలా గట్టిపరిచి, అక్కడే దాచుకుందట. ఎక్కడో ఒకరికి జరుగుతుందట ఇలా. ఇదంతా చెబుతున్నంతసేపూ నేను మీ నానమ్మ మొహం చూస్తున్నాను. "ఇప్పుడేమంటావు?" అన్నట్టు ఒక్కసారి నా వైపు చూస్తుందని సిద్ధంగా కూర్చున్నాను. చూడలేదు. గోడకున్న గడియారం చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడది పేగుల్ని పట్టుకుంది. ఆ నొప్పి దానివల్లే" అంది డాక్టరమ్మ. "ఆపరేషన్ చేసి తియ్యొచ్చు. కానీ ఆవిడ గుండె బలంగా లేదు. మత్తిస్తే మళ్లీ లేస్తుందని గట్టిగా చెప్పలేను. అలాగని వదిలేస్తే ఏదో ఒకరోజు పేగు మూసుకుపోతుంది. అప్పుడు పరుగెత్తుకొచ్చినా మా చేతిలో ఉండకపోవచ్చు. ఇంటికెళ్లి ఆలోచించుకోండి. ఎక్కువ రోజులు మాత్రం ఆలోచించకండి."

"ఇన్నేళ్లూ ఏమీ చెయ్యనిది ఇప్పుడేం చేస్తుంది?" అంది మీ నానమ్మ.

"చేస్తోంది కాబట్టే కదమ్మా మీరొచ్చారు?"

మీ నానమ్మ చెప్పులు వేసుకుంది.

*

మీ నాన్న ఫిల్ము ఇంటికి తెచ్చి ముందు గది కిటికీకి అతికించాడు. వాడు అప్పటికే బస్సు డిపోలో పనిచేసేవాడు. ఇంట్లో అందరికీ పనులు పురమాయించే అలవాటుంది కదా, అందుకని మీ అత్త వాణ్ణి మేనేజరనేది. ఆ సాయంత్రం ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడుతుంటే అన్నాచెల్లెళ్లిద్దరూ దాని ముందు నిలబడ్డారు. ముడుచుకున్న కాళ్లు, వెన్నుపూసలు, గుండ్రంగా తల. ఒకసారి కనబడ్డాక ఇంక కనబడకుండా పోదు.

"ఏం మేనేజరూ, పెద్దవాణ్ణి పెద్దవాణ్ణి అని ఇన్నాళ్లూ మా నెత్తినెక్కావు. నీ పైన ఇంకో ఆఫీసరున్నాడంట" అంది మీ అత్త.

"నోర్మూసుకోవే" అన్నాడు మీ నాన్న. కోపంగా కాదు. నా దగ్గరకొచ్చి, మీ అత్తకు వినపడకుండా అడిగాడు. "అది అన్నా, అక్కా? అడిగావా నాన్నా?"

"అడిగాను. ఫిల్ములో తెలీదన్నారు."

వాడు మళ్లీ కిటికీ దగ్గరకెళ్లి నిలబడ్డాడు.

మీ నానమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆసుపత్రిలో చూపిస్తామంటే తల తిప్పుకున్న మనిషి, అప్పుడు చూసింది. ఫిల్ము మీద వేలు పెట్టబోయి, ఆనించకుండా ఆపింది.

"తల కిందికే ఉంది" అంది. "రావాలనే చూసింది, పాపం."

"ఎండ తగులుతోంది. తీసెయ్యండి" అని లోపలికెళ్లిపోయింది.

*

ఆ తర్వాత మా ఇంట్లో నడిచే తీరే మారిపోయింది. అందరం అడుగులు మెల్లగా వెయ్యడం మొదలుపెట్టాం, ఎవరో నిద్రపోతున్నట్టు. మీ అమ్మ నిన్ను మీ నానమ్మ ఒడిలో కూర్చోబెట్టడం మానేసింది. "అత్తయ్యకి నొప్పి కదా" అనేది. నొప్పి కోసం కాదని మీ నానమ్మకీ తెలుసు. చుట్టుపక్కల ఆడవాళ్లు పలకరించే వంకతో వచ్చి, మొహం చూసి మాట్లాడుతూనే కడుపు వంక చూసేవాళ్లు. నేను మాత్రం ఏం తక్కువ? మంచం మీద పడుకుంటే నాకు తెలియకుండానే అంచుకు జరిగిపోయేవాణ్ణి, మధ్యలో ఎవరికో చోటు వదిలినట్టు. ఇన్నేళ్లూ ఆ మంచం మీద మేం ఇద్దరమే అనుకున్నాను.

మీ నానమ్మ ఒక్కతే మామూలుగా ఉండేది. ఇంకా హుషారుగా కూడా ఉండేది. నొప్పి వచ్చినప్పుడు పక్కకు వాలి పళ్లు బిగించేది, తగ్గాక లేచి పని చూసుకునేది.

"రేపే చేర్పించేస్తాను" అన్నాడు మీ నాన్న అన్నం ముందు కూర్చుని. "అది పేగును తినేస్తోందంటే ఇంకా చూస్తారేంటి?"

"అమ్మ లేవకపోతే?" అంది మీ అత్త. "నువ్వొచ్చి లేపుతావా? సంతకం పెట్టేసి డ్యూటీకి పోతావు."

"నువ్వైతే ఏం చేస్తావు, చూస్తూ కూర్చుంటావా?"

"ఇన్నాళ్లు కూర్చోలేదా?"

"నేనింకా బతికే ఉన్నాను. నన్నడగండి" అంది మీ నానమ్మ.

"చెప్పమ్మా మరి."

"వద్దు. ఎవరి జోలికీ పోకుండా ఓ మూల కూర్చుంది. దాన్నెందుకు లేపడం?"

మందుల కోసం మళ్లీ వెళ్లినప్పుడు పెద్ద డాక్టరు మా దగ్గరకే వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆపరేషన్ అయితే బిడ్డను వాళ్ల కాలేజీకి ఇమ్మన్నాడు. గాజు సీసాలో భద్రంగా పెడతారట, ఏటా చదువుకునే పిల్లలకు చూపిస్తారట.

"బడికి పంపే వయసు దాటిపోయింది లెండి" అంది మీ నానమ్మ.

పెద్ద డాక్టరు మొహం ఎటు పెట్టుకోవాలో తెలియక వెళ్లిపోయాడు. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత మీ నానమ్మ చెయ్యి పట్టుకుంది. "తియ్యాల్సి వస్తే నేనే తీస్తాను. తీసి మీకే ఇస్తాను. ఇది నా మాట."

మీ నానమ్మ ఆ చేతిని చూసి, "చిన్న చేతులు నీవి" అని మాత్రం అంది.

*

మా షెడ్డు నీకు తెలుసు. తాడు పేనడానికి ఒక చివర చక్రం, దానికి కొక్కేలు. నార నడుముకు చుట్టుకుని, కొస కొక్కేనికి తగిలించి, చేతుల్లోంచి కొద్దికొద్దిగా వదులుతూ నేను వెనక్కి నడుస్తాను. మీ నానమ్మ చక్రం తిప్పుతుంది. తిప్పేకొద్దీ నారకు పురి ఎక్కుతుంది, నడిచేకొద్దీ పేట పొడుగవుతుంది. షెడ్డు ఆ చివరికి చేరేదాకా నేను వెనక్కి తిరిగి చూడకూడదు, చేతులు వదలకూడదు. ఆవిడ పిడి వదలకూడదు. ఒకళ్ల మొహం ఒకళ్లకు ఎదురుగా పెట్టుకుని, ఒకళ్ల నుంచి ఒకళ్లం దూరంగా పోవడమే మా పని.

అందుకని మా మాటలు కూడా దానికి తగ్గట్టే ఉండేవి. చిన్న మాటలు చక్రం దగ్గరే అయిపోయేవి. పెద్ద మాటలు నేను అడిగేసి నడక మొదలుపెట్టేవాణ్ణి. అంత దూరాన ఎవరు అరుస్తారు? జవాబు చక్రంలో తెలిసేది. ఒప్పుకుంటే ఒకే తీరున తిరిగేది. కోపమొస్తే నార నా చేతుల్లో బుసకొట్టేది. వద్దంటే చక్రం మెల్లగా చేసి ఆపేసేది. ఆపిందంటే ఇంక ఆ మాట ఎత్తకూడదు. మీ అత్తకొచ్చిన మొదటి సంబంధం అలాగే షెడ్డు నడిమధ్య ఆగిపోయింది.

పడవలవాళ్లకు తాళ్లు ఇవ్వాల్సి ఉంది. ఎండ ముదిరింది. నొప్పి తక్కువగా ఉందని ఆ పొద్దున ఆవిడే వచ్చి చక్రం దగ్గర కూర్చుంది. నేను నార తగిలించాను.

"ఏమే, పిల్లలు లేరు కాబట్టి అడుగుతున్నా. నిజం చెప్పు. తీయించుకుంటావా?"

"నువ్వు నడు" అంది.

నడిచాను. చక్రం ఒకే తీరున తిరిగింది. షెడ్డు మధ్యకొచ్చాను, ఇంకా అదే తీరు. ఒప్పుకుంటోంది. మత్తిస్తారు, ఆ తర్వాత లేస్తుందో లేదో అనుకున్నాను. వేళ్లలో నార దారి తప్పకుండా చూసుకుంటూ నడిచాను. చివరికి ఇంకాస్త దూరం ఉందనగా చక్రం మెల్లగైంది. ఇంకా మెల్లగైంది. ఆగిపోయింది.

వద్దంది.

ఎంత తేలికైపోయానో చెప్పలేను. ఇంక అడగక్కర్లేదు. పేట బిగుతుగా పట్టుకుని నిలబడ్డాను. వదిలితే పురి అంతా విడిపోయి మెలికలు పడుతుంది. అటు తలుపులోంచి వెలుగు నా కళ్లలోకి కొడుతోంది. మీ నానమ్మ చక్రం మీదికి వాలినట్టుంది. అలిసింది, కాస్త ఊపిరి తీసుకోనీ అనుకున్నాను.

అప్పుడు చక్రం వెనక్కి తిరిగింది.

పిడి మీద చెయ్యుంటే చక్రం వెనక్కి తిరగదు. పురి దాన్ని గుంజుతూనే ఉంటుంది, తిప్పే మనిషి ఆపుతూనే ఉండాలి. నిద్ర ముంచుకొచ్చినా ఆ చెయ్యి వదలదు. చక్రం ఒక చుట్టు వెనక్కి తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది.

నేను తాడు వదిలేసి పరుగెత్తాను.

*

మీ నాన్న పక్కింటివాళ్ల వ్యాను తెచ్చాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి తీసేసింది.

"మూసుకుపోయింది. ఇప్పుడే చెప్పాలి."

మీ నాన్న నా వైపు చూశాడు. మీ అత్త గోడకు ఆనుకుని ఏడుస్తోంది. నేను మంచం మీదికి వంగాను. మీ నానమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. మొహమంతా చెమట.

"చక్రం ఆపావు. వద్దనేగా?"

"ఆపలేదు. పడిపోయా" అంది.

"మరి ఏం చెప్పాలనుకున్నావే?"

నొప్పి వచ్చి పోయేదాకా ఆగింది. నా చొక్కా పట్టుకుంది.

"రానీ."

"అమ్మా, వద్దన్నావుగా! లేపొద్దన్నావుగా!" అంది మీ అత్త.

"అప్పుడు పడుకునుంది. ఇప్పుడు తోస్తోందే. తొయ్యొద్దని ఎలా అంటాను?" మళ్లీ నా వైపు తిరిగింది. "ఒక్కసారైనా బయటకి రావాలి కదయ్యా. నేను పోతే ఎవరు తీసుకొస్తారు దాన్ని?"

నేను డాక్టరమ్మ వైపు చూసి తలూపాను. ఆవిడ అప్పటికే చేతులు కడుక్కోవడానికి వెళ్తోంది.

బయట బల్ల మీద కూర్చున్నాం. మేనేజరు ఆ రోజు ఎవరికీ ఏ పనీ చెప్పలేదు. ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చి, మా కాళ్ల మీద పడి, పక్కకు జరిగిపోయింది. చివరికి తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మే వచ్చింది. చేతుల్లో తెల్ల గుడ్డలో చుట్టిన మూట.

"ఆవిడ?" అన్నాను.

"ఉంది. ఇంక లేవాలి." మూట నా చేతుల్లో పెట్టింది. "నా మాట నేను నిలబెట్టుకున్నాను పెద్దాయనా."

రాయి అన్నారు కదా, చల్లగా ఉంటుందనుకున్నాను. వెచ్చగా ఉంది. అప్పటిదాకా ఉన్న చోటి వేడి అది, మీ నానమ్మ ఒంటి వేడి. ఒడిలో పెట్టుకున్నాను. మీ నాన్న పక్కన కూర్చుని, "చూడొచ్చా?" అన్నాడు. గుడ్డ అంచు ఎత్తి చూశాడు. మళ్లీ జాగ్రత్తగా కప్పాడు.

"పిడికిలి బిగించుకుని ఉంది నాన్నా" అన్నాడు.

మేమలా కూర్చుని ఉండగానే అది నా ఒడిలో మెల్లగా చల్లబడింది. రెండు చేతులూ కప్పి చూశాను. లాభం లేకపోయింది.

నర్సు వచ్చి "ఒక్కళ్లే రండి" అంది. మూట మీ నాన్న చేతికిచ్చి లోపలికెళ్లాను. మీ నానమ్మ కళ్లు మూసుకునే ఉంది. పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. నేనొచ్చానని ఎలా తెలిసిందో.

"వచ్చిందా?" అంది.

"వచ్చింది."

ఊపిరి తీసుకుంది. నాలిక తడి చేసుకుంది.

"ఏడ్చిందా?"

సెలైన్ సీసా సరిచేస్తున్న నర్సు చెయ్యి అక్కడే ఆగిపోయింది. మీ నానమ్మ నుదురు ముడిపడి ఉంది. చెవి ఇటే పెట్టి ఉంది.

"ఏడ్చింది" అన్నాను.

"గట్టిగానా?"

"గట్టిగానే. బయట అందరికీ వినపడింది."

నుదురు విడిపోయింది. తల పక్కకు వాల్చి నిద్రపోయింది. నేను భయపడి నర్సును చూస్తే, "ఇది మామూలు నిద్రే తాతా" అంది.

*

మర్నాడు కూర్చోబెట్టాక బిడ్డను ఆవిడ చేతికిచ్చాం. చాలాసేపు చూసుకుంది. బుగ్గ ఉండే చోట వేలితో రాసింది. తర్వాత తనే గుడ్డ చుట్టి నాకు తిరిగిచ్చింది. మీ నాన్నా నేనూ తీసుకొచ్చి షెడ్డు ఆ చివర, తాడు వచ్చి ఆగే చోటికి అవతల, నీడగా ఉంటుందని అక్కడ గొయ్యి తీసి పెట్టాం. మీ నాన్నే తవ్వాడు. పార నన్ను ముట్టుకోనివ్వలేదు.

మీ నానమ్మ బాగైపోయింది. నువ్వు చూస్తూనే ఉన్నావుగా, ఇప్పుడు ఎవరితో ఎంత గట్టిగా పోట్లాడగలదో. నిన్ను ఒడిలోంచి దింపేది కాదు. మీ అమ్మ కూడా మళ్లీ అత్తయ్యా అత్తయ్యా అని వెనకే తిరిగింది. మంచం మీద నేను అంచుకు జరిగితే "పడిపోతావు, ఇటు రా" అని లాగేది. ఆసుపత్రిలో నన్నేం అడిగిందో మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. మత్తులో మాట్లాడినవి గుర్తుండవని డాక్టరమ్మ చెప్పింది. నేనూ ఎత్తలేదు. ఇది మాత్రం ఆవిడకు చదివి వినిపించకు.

అప్పటికింకా వానలు మొదలవ్వలేదు. ఆవిడ మళ్లీ చక్రం దగ్గర కూర్చున్న మొదటి రోజు. పడవలవాళ్ల తాడు మిగిలిపోయింది కదా, అదే. నార తగిలించుకుని వెనక్కి నడిచాను. చక్రం చక్కగా, ఒకే తీరున తిరుగుతోంది. చివరికి దగ్గరపడ్డాను. అప్పుడు నా వెనక వినపడింది. ఒక్కసారే. పుట్టిన బిడ్డ మొదటి ఊపిరితో ఏడిచే ఏడుపు, రెండో ఊపిరి ఇంకా అందుకోనిది.

పిల్లి అరిచిందేమో అనుకున్నాను. నువ్వేమో అనుకున్నాను. అటు తలుపు దగ్గర మీ అమ్మ భుజం మీద నువ్వు నిద్రపోతూ కనబడ్డావు. మీ నానమ్మ వైపు చూశాను. ఆవిడ చెయ్యి ఆగలేదు, తొట్రుపడలేదు. తనలో తను ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఆవిడకు వినపడలేదు.

రోజూ రాదు. రానప్పుడు కూడా వింటూనే ఉంటాను. ఇప్పుడు తాళ్లు అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఎప్పుడో ఒకటి పేనుతాం. సగం దాటేదాకా నాకేం ఉండదు. ఆ తర్వాత వీపు చల్లబడుతుంది. అది గట్టిగానే ఏడుస్తుంది, నేను చెప్పినట్టే. తిరిగి చూద్దామంటే చేతుల నిండా నార, వదిలితే పురి పోతుంది. నా అడుగు ఆగితే అటునుంచి మీ నానమ్మ కేకేస్తుంది.

"ఏమయ్యో, ఆగావేం? నడు!"

నడుస్తాను, దాని వైపే.